అగ్నికీ ఒక ఋతువు

సంక్రాంతి వెళ్ళిన తరువాత బోధన్ పరిసర గ్రామాలలో సాయంకాలం పొగ వాసనతో కలిసి వచ్చేది. చెరకు నరికి బండ్ల మీద, ట్రాక్టర్ల మీద శక్కర్‌నగర్ కర్మాగారానికి తోలిన తరువాత పొలంలో మిగిలేది మోకాలి లోతు ఎండుటాకు. ఎకరానికి మూడు నాలుగు టన్నుల దాకా ఉండే ఈ చెత్తను ఏరి గట్టుకు చేర్చాలంటే కూలి ఖర్చు. దున్నబోతే నాగలికి చుట్టుకుంటుంది. అలాగే వదిలేస్తే ఎలుకలు చేరతాయని భయం. అగ్గిపుల్ల ఖరీదు మాత్రం లెక్కలోకి రాదు. అందువల్ల చీకటి పడేవేళకు గాలి చూసుకొని రైతు ఒక మూల నిప్పు అంటించేవాడు. అరగంటలో పొలం నల్లబడేది. మరునాడు ఆ బూడిద మీదనే కార్శి తోటకు నీరు పెట్టేవాడు.

ఈ అలవాటు మంచిది కాదని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చాలా కాలం నుంచి చెబుతున్నారు. చెరకు, వరి పంటల పరిశోధనకు బోధన్ సమీపంలోని రుద్రూరులో ప్రత్యేక కేంద్రమే ఉన్నది. ఎండుటాకును సాళ్ళ మధ్య పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, క్రమంగా కుళ్ళి ఎరువవుతుంది. కాల్చితే ఆకులోని నత్రజని పొగలో కలిసిపోతుంది, నేల పైపొరలోని సూక్ష్మజీవులు మాడిపోతాయి. చెరకు పొలంలో నిప్పుకు పని లేదన్న మాటలో సందేహం అక్కరలేదు.

ఆ పొలానికి కొన్ని మైళ్ళ దూరంలోనే, నిజామాబాదు పట్టణం దాటి డిచ్‌పల్లి, ఇందల్వాయి మీదుగా హైదరాబాదు వైపు సాగే రహదారికి ఇరుపక్కలా అడవి మొదలవుతుంది. సిర్నాపల్లి, సిరికొండ, ధర్పల్లి దిక్కుగా అది విస్తరించి ఉంటుంది. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ అక్కడి ప్రధాన వృక్షాలు. ఫాల్గుణం నాటికి టేకు ఆకు రాలి అడుగున మందంగా పరుచుకుంటుంది. అప్పుడు అక్కడ కూడా నిప్పు పుడుతుంది. అయితే అదీ పొలంలోని నిప్పూ ఒకటేనా అన్నదే ఆలోచించవలసిన విషయం. చాలామంది రెండూ ఒకటేనని అనుకుంటారు. అధికారులు చాలాకాలం అలాగే అనుకున్నారు. ప్రకృతి శాస్త్రం మాత్రం ఇటీవల వేరుగా చెబుతున్నది.

బోధన్ ప్రాంతపు వారికి నిప్పు, అడవి అనగానే భారతమే గుర్తుకు రావడం సహజం. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. అశ్మక జనపదానికి రాజధానియైన పౌదన్యపురం కూడా ఇదేనని చరిత్రకారులు పలువురు చెబుతారు. ఆ భారతంలోనే ఖాండవ దహనమున్నది. అక్కడ అగ్నిదేవునికి ఆకలి. అడవి మొత్తం ఆహుతి అయితే తప్ప అది తీరదు. అగ్ని అంటే సర్వనాశనమనే భావం ఆ కథ వల్ల మరింత బలపడి ఉండవచ్చు. కాని పల్లెటూరి మనిషి నిత్యజీవితంలో ఎరిగిన అగ్ని వేరు. అది పొయ్యిలో అణగి ఉండేది, కుమ్మరి ఆవంలో లెక్క ప్రకారం మండేది, కొలిమిలో తిత్తి ఊపును బట్టి పెరిగి తగ్గేది.

ఈ అడవిలో నిప్పు పెట్టేవారికి కారణాలున్నాయి. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఆకుల మధ్య దానిని ఏరడం కష్టం గనుక చెట్టు కింద ముందుగా ఆకు కాలుస్తారు. తునికి పొదను కొట్టినా, కాల్చినా వేరు నుంచి లేత చిగురు విరివిగా వస్తుంది. ఏప్రిల్, మే నెలలలో కోసే ఆ ఆకే బీడీలకు చుట్టాకు. నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాలలో వేలాది స్త్రీలు ఇంటి వసారాలో చేట ముందు పెట్టుకొని బీడీలు చుట్టి సంసారాలు నడిపారు. అడవిలో మార్చిలో రేగిన మంటకూ, పట్టణపు వాడలో ఆ స్త్రీల చేటలోని ఆకుకూ మధ్య ఉన్న సంబంధం బయటివారికి కనిపించదు. పశువుల కాపరులు కొత్త గడ్డి కోసం కాలుస్తారు. కొన్ని మంటలు నిర్లక్ష్యంగా విసిరిన బీడీ ముక్కతోనే మొదలవుతాయి. చుట్టిన చోటి నుంచి బీడీ మళ్ళీ అడవికే చేరుతుందన్నమాట.

ఇంతవరకు ఉపయోగం మాట. అడవి స్వభావం ఏమిటన్నది మరొక మాట. దక్కను పీఠభూమి మీది ఆకురాల్చే అడవులలో అనేకం నిజానికి అడవులు కావనీ, గడ్డీ చెట్లూ కలిసి పెరిగే సవానాలనీ బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ తదితరులు 2011, 2016 సంవత్సరాలలో ప్రచురించిన వ్యాసాలలో ప్రతిపాదించారు. ఈ తేడా కేవలం పేరులో లేదు. దట్టమైన అడవిలో పైకొమ్మలు కలిసిపోయి నేలకు ఎండ తగలదు, గడ్డి పెరగదు. సవానాలో చెట్లు ఎడంగా ఉంటాయి. వాటి నడుమ ఎండ తగిలి గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డి ఏటా ఎండుతుంది, అప్పుడప్పుడు కాలుతుంది. ఆ కాలడానికి అలవాటు పడిన చెట్లే అక్కడ మిగులుతాయి. మద్ది, టేకు బెరడు మందాన్ని చూసినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పైన మాడినా వేరు బతికి ఉండి మళ్ళీ పిలక వేసే గుణం తునికికి ఉన్నది. బోదగడ్డి, చెంగలిగడ్డి వంటివి కాలిన నేలలో తొలకరికి మళ్ళీ పచ్చగా లేస్తాయి.

తెలంగాణ పల్లెలలో ఇటువంటి నేలకు పేరు లేకపోలేదు. ఊరి పశువులు మేసే గడ్డి నేలను బంచరాయి అన్నారు. కాపు పెట్టి గడ్డి పెంచిన దానిని కంచె అన్నారు. దున్నని నేల బీడు. ఈ మాటలలో ప్రతిదానికీ ఒక ఉపయోగం, ఒక హక్కు తోడుగా ఉన్నాయి. సర్కారు దస్త్రాలలోకి వచ్చేసరికి ఇటువంటి నేలలో చాలా భాగం బంజరుగా మారింది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ తయారుచేసిన బంజరు భూముల అట్లాసులో పొదలు, గడ్డి ఉన్న నేలలు కూడా ఆ పేరు కిందనే చేరాయి. బంజరు అని రాసుకున్న తరువాత చేయవలసిన పని నిర్ణయమైపోయినట్లే. దున్నాలి, లేదా మొక్కలు నాటాలి. మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయిన తరువాత బోధన్ వైపు మైదానాలకు కాలువ నీరు పారింది. 1937లో నిజాం ప్రభుత్వం చక్కెర కర్మాగారాన్ని స్థాపించింది. చెరకు విస్తరించింది. ఆ మార్పు వల్ల కొన్ని తరాల వారు అన్నం తిన్నారు గనుక దానిని నిందించడం న్యాయం కాదు. కాని గడ్డి నేల అంటే పనికిమాలిన నేల అన్న భావం మాత్రం అప్పటి నుంచి గట్టిపడింది.

పనికిమాలినదో కాదో చూడదలచినవారు శ్రీరాంసాగర్ జలాశయం వెనుక నందిపేట వైపు వెళ్ళవచ్చు. గోదావరి నీరు వెనక్కి తగ్గినప్పుడు అక్కడ పచ్చిక మైదానం బయటపడుతుంది. దాని మీద కృష్ణజింకల మందలు మేస్తాయి. కృష్ణజింకకు దట్టమైన అడవి అక్కరలేదు. దూరం కనిపించే నేల కావాలి, పరుగెత్తడానికి చోటు కావాలి. అటువంటి చోట వరుసలుగా మొక్కలు నాటితే అది మరొక తావు వెతుక్కోవలసిందే.

నిప్పును పూర్తిగా ఆపాలన్న ఆలోచన ఈ దేశంలో నూట అరవై ఏళ్ళ నాటిది. 1860లలో మధ్య పరగణాలలోని బోరి అడవిలో పియర్సన్ అనే ఆంగ్ల అధికారి అగ్ని రక్షణను మొదలుపెట్టాడు. అది ఫలించిందని అన్ని చోట్లా అమలు చేశారు. కొంతకాలానికి బర్మా టేకు అడవులలో చిక్కు వచ్చింది. నిప్పు ఆగిన చోట టేకు మొలకలు తగ్గి, వెదురు, ఇతర చెట్లు కమ్ముకున్నాయి. అక్కడి అధికారులలోనే తీవ్ర వాదోపవాదాలు జరిగి, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి అక్కడ ఆ విధానాన్ని సడలించారు. ఆ పాఠం ఇక్కడికి చేరినట్లు లేదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమే. అది ఏ నెలలో పెట్టిన నిప్పు అని చట్టం అడగదు.

కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలలో సోలిగలు అనే గిరిజనులున్నారు. వారు వేసవి ముదరక ముందే ఆకుచెత్తను మాత్రమే కాల్చే చిన్న మంటలు పెట్టేవారు. దానిని తరగు బెంకి అంటారు. 1974లో ఆ కొండలు అభయారణ్యమయ్యాయి, మంటలు నిషేధమయ్యాయి. తరువాతి దశాబ్దాలలో లాంటానా పొద కొండలను ఆక్రమించింది. అది ఎండిన తరువాత అంటుకుంటే ఎవరి తరమూ కాదు. చిన్న మంటలు ఆగినందువల్లనే లాంటానా పెరిగిందని సోలిగలు అన్నారు. వారి మాటను కొట్టివేయడానికి వీలులేదని అక్కడ పనిచేసిన పరిశోధకులు గుర్తించారు. చిన్న మంటను నిషేధిస్తే పెద్ద మంటకు కట్టెలు పోగవుతాయి.

ఈ వివేకానికి వెల కట్టినది ఆస్ట్రేలియా. ఆ దేశపు ఉత్తర భాగంలో పశ్చిమ ఆర్నెం లాండ్ అనే రాతి పీఠభూమి ఉన్నది. వేల సంవత్సరాలుగా అక్కడి ఆదిమవాసులు వర్షాలు వెలిసిన కొద్ది నెలలకే, గడ్డి ఇంకా సగం పచ్చిగా ఉండగానే, నడుచుకుంటూ అక్కడక్కడ నిప్పు పెట్టేవారు. ఆ మంట రాత్రి మంచుకు ఆరిపోయేది. నేల కాలినచోట్లు, కాలనిచోట్లు కలిసిన బొంతలా ఉండేది. ఇరవయ్యవ శతాబ్దిలో మిషన్లు, గనులు, పట్టణాలు పిలవగా జనం పీఠభూమిని విడిచి వెళ్ళారు. నిప్పు పెట్టేవారు లేక గడ్డి పేరుకుపోయింది. ఎండాకాలం చివర పిడుగుకో, మరొకదానికో అంటుకొని వందల చదరపు కిలోమీటర్లు ఒక్కసారిగా కాలడం మొదలయింది. పూర్వీకులు గీసిన రాతి చిత్రాలు దెబ్బతిన్నాయి. బర్దయాల్ నజమెరెక్ అనే వృద్ధ చిత్రకారుడు 2002లో తన వారితో కలిసి ఆ పీఠభూమికి తిరిగి వచ్చి నివాసం ఏర్పరిచాడు. మనుషులు లేని నేల అనాథ అవుతుందన్నది ఆ తరం పెద్దల భావన.

2006లో అక్కడ ఒక ఒప్పందం అమలులోకి వచ్చింది. డార్విన్ నగరంలో సహజవాయువును ద్రవంగా మార్చే కర్మాగారం తాను విడిచే వాయువులకు పరిహారంగా ఏటా సుమారు పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు పదిహేడు సంవత్సరాలపాటు చెల్లించడానికి ఒప్పుకున్నది. బదులుగా ఆదిమవాసి రక్షకులు సుమారు 28,000 చదరపు కిలోమీటర్ల నేలలో ముందుకాలపు చిన్న మంటలు పెట్టి, చివరికాలపు పెద్ద మంటలను తగ్గించి, ఏటా లక్ష టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన హరితగృహ వాయువులను ఆపాలి. గడ్డి కాలినప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువును ఈ లెక్కలో చేర్చరు. మరుసటి వానకు గడ్డి మళ్ళీ దానిని పీల్చుకుంటుంది. లెక్కించేది మంటలో పుట్టే మీథేనును, నైట్రస్ ఆక్సైడును. మీథేను ఒక టన్ను నూరేళ్ళలో సుమారు 28 టన్నుల బొగ్గుపులుసు వాయువంత వేడిని నిలుపుతుంది. నైట్రస్ ఆక్సైడు దాదాపు 270 టన్నులంత. చిన్న మంట తక్కువ నేలను, తక్కువ కట్టెను కాల్చుతుంది గనుక ఈ రెండూ తగ్గుతాయి. తగ్గిన మేరకు డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో రక్షకులకు జీతాలు వచ్చాయి. వదిలిన నేలకు మనుషులు తిరిగి వచ్చారు. కలుపు మొక్కలను, అడవి దున్నలను అదుపు చేసే పనీ సాగింది. 2012 నాటికి ఆ దేశ ప్రభుత్వం ఈ పద్ధతికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది.

ఇది విన్నవారికి ఇందల్వాయి అడవిలో కూడా ఇలాగే చేయవచ్చు గదా అనిపిస్తుంది. ఆశ పడడానికి ముందు పలక, బలపం పట్టుకొని కూర్చోవడం మంచిది. పది లక్షల డాలర్లను 28,000తో భాగిస్తే చదరపు కిలోమీటరుకు సంవత్సరానికి సుమారు 36 డాలర్లు. ఈనాటి మారకంలో రెండు వేల రూపాయలకు అటూ ఇటూ. ఆ 28,000 చదరపు కిలోమీటర్లు, 2016 విభజనకు ముందున్న నిజామాబాదు జిల్లా మొత్తానికి మూడున్నర రెట్లు. ఆ జిల్లాలో అడవి ఐదవ వంతు పైచిలుకు మాత్రమే. వెయ్యి చదరపు కిలోమీటర్ల అడవికి ఇదే రేటు దొరికినా ఏడాదికి ఇరవై లక్షల రూపాయలు. పైగా ఆర్నెం లాండ్‌లో మనుషులు అరుదు. ఇక్కడ అడవి అంచున ఊరి వెనుక ఊరు. ఇక్కడి గడ్డిలో చాలా భాగం మంటకు దక్కకముందే పశువు కడుపులోకి పోతుంది. కాలేది ఎక్కువగా రాలిన ఆకు. కొలతలు వేరు, లెక్కలు మళ్ళీ మొదటి నుంచి కట్టవలసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2023లో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించినా, ఆస్ట్రేలియా వంటి మంటల లెక్క ఈ దేశంలో ఇంకా అమలులోకి రాలేదు.

అయినా ఇరవై లక్షలు తీసిపారేయవలసిన మొత్తం కాదు. అడవి కాలే కాలం ఏడాదిలో నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలు వంద మందికి కాకపోయినా కొన్ని పదుల మందికి కూలి గిట్టుతుంది. అసలు చిక్కు డబ్బు పరిమాణంలో లేదు, అది ఎవరి చేతికి చేరుతుందన్నదానిలో ఉన్నది. ఆర్నెం లాండ్ నేల అక్కడి ఆదిమవాసులదే. ఇక్కడ అడవి అటవీశాఖది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఆ హక్కు కాగితం చేతిలో ఉన్న ఊరు కర్బనపు డబ్బును అడగగలదు. లేని ఊరు అడవి తగలబడినప్పుడు నిందను మాత్రం మోస్తుంది.

కర్బనపు డబ్బు తెలుగు పల్లెకు రానిదేమీ కాదు. పొరుగున ఉన్న ఆదిలాబాదు కొండలలో, నేటి కుమురం భీం జిల్లా జైనూరు మండలంలో, పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెం ఉన్నది. అక్కడి మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచి, గింజల నుంచి నూనె తీసి, డీజిలుకు బదులు వాడే పని చేపట్టాయి. దానివల్ల పదేళ్ళలో ఆదా కాగల 147 టన్నుల వాయువులకు ప్రతిఫలంగా 2003లో ప్రపంచ బ్యాంకు ఆ స్త్రీలకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టనులో జరిగిన ఒక సమావేశానికి విమానాలలో వచ్చినవారు విడిచిన పొగకు అది పరిహారం. అప్పటి మారకంలో అది ముప్పై వేల రూపాయలకు కాస్త తక్కువ. సముద్రాల అవతల విమానాల పొగకు జైనూరు కొండలలోని కానుగ చెట్టు లెక్క సరిచేయడం వింతగానే తోస్తుంది. ఆ మొత్తం చిన్నది. కాని దానిని అందుకున్నది దళారి కాదు, మహిళా సంఘం. ఈ విషయాన్ని గమనించకుండా టన్నులను మాత్రమే లెక్కపెట్టేవారు సగమే చూసినట్లు.

బోధన్ రైతుకు ఈ ముచ్చటలో చోటు ఉన్నదా? శక్కర్‌నగర్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు ముందు 2002లోనే అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. చెరకు తగ్గి ఆ నేలలో వరి పెరిగింది. చెరకు చెత్త స్థానంలో వరి కొయ్యకాలు కాలుతున్నది. యంత్రంతో కోసిన పొలంలో గడ్డి పొడుగ్గా నిలిచిపోతుంది. రెండవ పంటకు వ్యవధి తక్కువ. అందుకే నిప్పు. ఇక్కడ ముందుకాలపు మంట, వెనుకకాలపు మంట అన్న భేదానికి అర్థం లేదు. పొలంలో మంట మానినందుకు డబ్బు ఇవ్వాలి, అడవిలో మంట సకాలంలో పెట్టినందుకు డబ్బు ఇవ్వాలి. ఒకే జిల్లాలో, ఒకే తహశీలు కచేరీ కింద ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పడం అధికారికి ఇబ్బందే. ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికే కాబోలు, నిప్పు అంతా నేరమని ఒక్క మాటలో తేల్చివేశారు.

ఒక చోట మాత్రం ఈ మాట మెత్తబడింది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలలలో అటవీశాఖ వారే అడవిలో అగ్ని రేఖలు తీయిస్తారు. కొన్ని మీటర్ల వెడల్పున దారిలాగా ఆకు ఊడ్చి, పొదలు కొట్టి, ఊడ్చిన దానిని అక్కడే అదుపులో కాల్చుతారు. వేసవిలో ఒక వైపు మంట రెండవ వైపుకు దాటకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. దేశంలోని అడవి మంటలను ఉపగ్రహం కనిపెట్టి చెప్పే పద్ధతిని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004లో ప్రారంభించింది. ఆకాశం నుంచి వచ్చిన కబురు సెల్‌ఫోనులో మోగుతుంది. కాని అక్కడికి నడిచి వెళ్ళి పచ్చికొమ్మతో మంటను కొట్టవలసినవాడు ఆ నాలుగు నెలలకు కూలికి కుదిరిన మనిషే. అతడు సాధారణంగా పక్క తండావాడో, గూడెంవాడో అయి ఉంటాడు. ఏ వాగు దగ్గర గాలి ఎటు తిరుగుతుందో, ఏ గుట్ట మీద గడ్డి ముందుగా ఎండుతుందో అతనికి తెలుసు. తండ్రి ఏ నెలలో, ఏ పూట నిప్పు పెట్టేవాడో కూడా గుర్తుంటుంది. జనవరి సాయంకాలం అగ్ని రేఖ పక్కన నిలబడి, మంట మోకాలి ఎత్తు దాటకుండా చూస్తూ, అది మంచుకు ఆరిపోయే దాకా అతడు అక్కడే ఉంటాడు. మేలో చినుకు పడగానే అతని పని ముగుస్తుంది. మళ్ళీ జనవరి వరకు అతని తెలివిని అడిగేవారు లేరు.